నూటికి నూరు కష్టం

హైమావతి అడిగింది వారానికి ఒక్క గంట. అదీ శనివారం ఆఖరి పీరియడ్. పిల్లలంతా సంచులు సర్దుకుని ఇంటిగంట కోసం చెవులు రిక్కించే వేళ, ఇష్టమున్న నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని పాఠ్యపుస్తకం కన్నా కొంచెం గట్టి లెక్కలు చెప్పుకుంటానని, మువ్వలవలస జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల లెక్కల టీచరు హైమావతి పై అధికారులకి అర్జీ పెట్టుకుంది.

అర్జీ రాసేనాటికి ఆమెకి పెళ్ళయి పదకొండు రోజులు. అడిగితే చాలు లోకంలో ఏదైనా దొరుకుతుందన్న నమ్మకం ఆ పదకొండు రోజుల్లోనే కుదిరిపోయింది. భర్త సింహాద్రి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పొద్దున్నే ఆమె క్యారేజీ తనే సర్దేవాడు. పై గిన్నెలో మూతకింద రోజూ ఒక చీటీ ఉండేది. "మన పెళ్ళయి ఎన్ని నిమిషాలు?" అని ఒకనాడు, "నిన్న రాత్రి నువ్వు నవ్వింది ఎన్నిసార్లు? నా లెక్క పద్నాలుగు" అని ఇంకోనాడు. హైమావతి హాజరు పిలుస్తూనే మనసులో గుణించుకుని, "ఉన్నాను మేడమ్" అన్న పిల్లవాడికి గైర్హాజరు వేసి, మళ్ళీ దిద్దుకునేది.

అర్జీకి కారణం తొమ్మిదో తరగతి గొర్లె పైడిరాణి. తల్లి సన్యాసమ్మ ఆ బళ్ళోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్ల తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం జూలై నాటికి పూర్తి చేసింది, పదోది ఆగస్టులో మింగేసింది. ఇప్పుడు పాత క్యాలెండర్ల వెనక పేజీలమీద తన లెక్కలు తనే కల్పించుకుని, తనే చేసుకుని, తనే రైటు కొట్టుకుంటోంది.

"ఎందుకమ్మా లేనిపోని గొడవ?" అన్నాడు హెడ్మాస్టరు కూర్మారావు, అర్జీమీద సంతకం పెట్టడానికి కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకుంటూ. "ఉన్న లెక్కలే రాక పిల్లలు చచ్చిపోతన్నారు."

"వచ్చినవాళ్ళు కూడా చచ్చిపోతున్నారండీ, విసుగెత్తి."

కూర్మారావు రిటైరుమెంటుకి రెండేళ్ళ దూరంలో ఉన్నాడు. ఎవరితోనూ వాదన పెట్టుకోని వయసు. సంతకం పెట్టేశాడు.

నలభై రోజులకి జవాబు వచ్చింది. పదిహేడు పేజీలు.

హైమావతి అర్జీ మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాజధానికి పోయిందట. ఒక్కో బల్లమీద ఒక్కో రాత్రి నిద్రచేసి, నిద్రలేచినప్పుడల్లా కాస్త ఒళ్ళు చేసింది. నలుగురైదుగురు అన్నది "సమస్త విద్యార్థులు" అయింది. ఒక గంట "సమగ్ర పథకం" అయింది. పథకానికి "కష్టమే ఇష్టం" అని పేరు పెట్టారు. దాన్ని నడపడానికి గణిత కఠినత్వ విభాగం పుట్టింది. ఆ విభాగానికి విశ్వంభరం గారనే సమన్వయాధికారిని వేశారు.

కూర్మారావు ఉపాధ్యాయులందరినీ కూర్చోబెట్టి ఉత్తర్వు చదివి వినిపించాడు.

"ఉన్నత గణితమనగా కఠినమైన గణితమనియు, కఠినమైనదనగా విద్యార్థికి బోధపడనిదనియు నిర్ధారణ అయినది. కావున ప్రతి పాఠశాలలోని ఉన్నత గణిత బోధనా ప్రమాణమును, విద్యార్థులు గుర్తించిన తప్పు సమాధానముల శాతమును బట్టి లెక్కించవలెను. దీనిని కఠినత్వ సూచిక అందురు. నూరు శాతము సాధించిన పాఠశాల ఉత్తమ పాఠశాలగా ప్రకటించబడును."

"అంటే ఏటండీ?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"అంటే పిల్లలకి ఎంత రాకపోతే అంత బాగా చెప్పినట్టు."

పదిహేనేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న మాస్టారు, ఇది ఇంగ్లీషుకి కూడా ఎప్పుడు వస్తుందని ఆశగా అడిగాడు.

పదిహేడో పేజీలో, స్టాంపు కింద నలిగిపోయి, ఒక వాక్యం ఉంది. నూరు శాతం సాధించిన ప్రతి పాఠశాల నుంచి ఒక విద్యార్థిని వేసవిలో విశాఖపట్నంలో నెల రోజుల ఉన్నత గణిత శిబిరానికి పంపుతారు. తిండి, పడక, పుస్తకాలు ఉచితం.

హైమావతి ఆ వాక్యం ఒక్కటే చూసింది. సాయంత్రం పైడిరాణికి చెప్పింది.

"నెల రోజులా మేడమ్? పొద్దస్తమానం లెక్కలేనా?"

"పొద్దస్తమానం."

"మధ్యలో సోషల్ ఉండదా?"

"ఉండదు."

పైడిరాణి నోరు తెరిచి, మూసి, వంటపాక వైపు పరిగెత్తింది. "అమ్మా, విశాపట్నంలో సోషల్ నేదంటే!" అన్న కేక బడంతా వినిపించింది.

మొదటి పరీక్ష అక్టోబరులో, తొమ్మిదో తరగతికి జరిగింది. ఇరవై ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు జవాబులు, వాటిలో ఒకదాని గుండ్రాన్ని నల్లగా దిద్దాలి. ఖాళీ వదిలితే పిల్లవాడు రానట్టే లెక్క. రెండు దిద్దితే పత్రం చెల్లదు. పక్కవాడిది చూసి దిద్దకుండా నాలుగు రకాల ప్రశ్నపత్రాలు. కాపలాకి పక్క మండలం నుంచి వేరే టీచర్లు. పిల్లలు తెలివి చూపకుండా ఆపడానికి తీసుకున్న జాగ్రత్తలు చూస్తే ముచ్చటేసింది.

ఫలితాలు వచ్చిన రోజు కూర్మారావు సన్యాసమ్మకి కబురు పెట్టాడు. ఆమె చేతికి అంటిన పిండి చీరకొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీ పిల్ల ఎంత పని చేసిందో తెలుసా?"

"ఏటి చేసింది బాబూ?"

"ఇరవైకి ఇరవై తెచ్చింది."

సంగతి అర్థం కాకపోయినా, సన్యాసమ్మ హెడ్మాస్టరు ముఖం చూసి అదేదో పెద్ద నేరమే అయి ఉంటుందనుకుంది. "ఈపాలికి ఒగ్గీండి బాబూ. మళ్ళీ అలాటి పని చెయ్యకుండా ఇంటికాడ నాను చెప్పుకుంటాను."

"మిగతా నలభై ఒక్కమంది కష్టపడి డెబ్భయ్యయిదు శాతం తప్పులు తెస్తే, ఈవిడొచ్చి ఊడ్చీసింది! పక్క ఊరి బడి మనకన్నా పైకెళ్ళిపోనాది."

తల్లి పక్కన పైడిరాణి తల వంచుకుని నిలబడింది. పక్కనే ఉన్న హైమావతి ఆ వంచిన తలనే చూసింది. ఇన్నాళ్ళూ ఆ తల ఏదో లెక్క చెయ్యడానికే వంగేది.

"సార్, శిబిరానికి వెళ్ళాలంటే లెక్కలు రావాలి కదండీ?" అంది పిల్ల చిన్నగా.

"శిబిరంలో రావాలి. ఇక్కడ రాకూడదు," అన్నాడు కూర్మారావు. ఆయన చెడ్డవాడు కాదు, ఉత్తర్వు చదివినవాడు. "వచ్చే పరీక్షలో అన్నీ తప్పు పెట్టు తల్లీ. నీకే మంచిది."

తర్వాత తొమ్మిదో తరగతికి స్వయంగా వెళ్ళి, నలభై ఇద్దరికీ అదే బోధ చేశాడు. "ఒరే, మీకేటీ రాదు కదా? ఆ రానితనమే పూర్తిగా చూపించండి. సగం సగం పన్లు చెయ్యకండి."

నవంబరులో రెండో పరీక్ష అయింది. పిల్లలు మనస్ఫూర్తిగా, గురుభక్తితో, శాయశక్తులా తప్పులు పెట్టారు. అయినా ఒక్కొక్కరికి నాలుగో, అయిదో, ఆరో ఒప్పులు వచ్చి కూర్చున్నాయి. వెనక బెంచీ డిల్లేశ్వరరావుకి ఏకంగా తొమ్మిది వచ్చాయి. వాడు పుట్టి బుద్ధెరిగాక లెక్కల్లో తొమ్మిది చూడలేదు.

"తప్పు పెట్టడం కూడా రాదేట్రా నీకు?" కూర్మారావు నెత్తి బాదుకున్నాడు.

"పెట్టేనండీ! ఏది తప్పనిపించిందో అదే దిద్దేనండీ! అదే కరెక్టయిపోనాది. నానేటి చెయ్యనండీ?"

నలభై ఇద్దరిలో ఒక్కరికే సున్నా వచ్చింది. పైడిరాణికి.

ఆ సాయంత్రం హైమావతి ప్రశ్నపత్రం ఇంటికి పట్టుకెళ్ళింది. సింహాద్రి పునుగులు వేస్తున్నాడు. పొయ్యి మంట తగ్గించి, పెన్సిలు అతని చేతిలో పెట్టి, "ఏమండీ, వీటిల్లో ఒక్కటి కూడా కరెక్టు రాకూడదు. దిద్దండి," అంది.

"అదెంత పని? లెక్కల్లో నా రికార్డు నీకు తెలీదు."

అయిదు నిమిషాల్లో ఇరవై గుండ్రాలూ నల్లబరిచాడు. హైమావతి దిద్ది చూసింది. ఆరు ఒప్పులు.

"ఆరా!" సింహాద్రి తనని తనే అనుమానంగా చూసుకున్నాడు. "నాకు ఇంత వచ్చని ఇంటర్లో ఎవరూ చెప్పలేదే."

"మీకు రాదు. రాకపోతే నాలుగింటికి ఒకటి దానంతటదే తగుల్తుంది. మీకు తప్పు చెయ్యడం కూడా చేతకాదు."

"అందుకే కదా, పెళ్ళిచూపుల్లో కళ్ళు మూసుకుని ఒక గుండ్రం దిద్దాను. కరెక్టయి కూర్చుంది."

హైమావతి నవ్వి, పునుగు ఒకటి నోట్లో పెట్టుకుని, నమలడం మధ్యలో ఆగిపోయింది. ఏదీ రానివాడికి సున్నా రాదు. సున్నా కావాలంటే ఏది కాదో తెలిసి తీరాలి. ఒకటి కాదు, ఇరవై ప్రశ్నల్లోనూ తెలియాలి. నలభై ఇద్దరికీ తెలియాలి.

"ఏమైంది? ఉప్పు ఎక్కువైందా?"

"మా హెడ్మాస్టరు ఆ శనివారం గంటకి నాకు అనుమతి ఇవ్వబోతున్నాడండీ," అంది హైమావతి. నోటి నిండా పునుగు ఉండడంతో అది సగమే బయటికి వచ్చింది. ఆనందం మాత్రం మొత్తం వచ్చింది.

మర్నాడు కూర్మారావు హైమావతి ముందే పైడిరాణిని ఎదురుగా నిలబెట్టుకుని అడిగాడు. "ఎలా తెచ్చావమ్మా సున్నా?"

"కరెక్టుది చూసుకుని, దాన్ని ఒగ్గేసి, పక్కది దిద్దేసేనండి."

"అంటే కరెక్టుదేదో నీకు తెలియాలి."

"అవునండి."

"మిగతావాళ్ళకి తెలీదు. అందుకని తప్పు పెట్టలేకపోతన్నారు."

"అవునండి."

కూర్మారావు లేచి గది తలుపు వేసి వచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఆయన ఎన్నో ఉత్తర్వులు అమలు చేశాడు. పిల్లలకి లెక్కలు రాలేదని రుజువు చెయ్యడానికి అందరికీ లెక్కలు నేర్పాల్సిన అవసరం మాత్రం ఎన్నడూ రాలేదు.

"హైమావతమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నేర్పించీండి. శనివారం గంటేటి, రోజూ గంట తీసుకోండి. డ్రిల్లు పీరియడ్ కూడా తీసుకోండి. కానీ మూడోకంటికి తెలీకూడదు. ఈ బళ్ళో లెక్కలు చెబుతున్నారని పైకి పొక్కిందంటే మన పరువేం కాను!"

అలా మువ్వలవలస బళ్ళో, తలుపులు వేసుకుని, గుట్టుగా, లెక్కలు మొదలయ్యాయి.

హైమావతి మొదటి రోజు బోర్డుమీద ఒక ప్రశ్న రాసింది. ఈ తరగతిలో నలభై ఇద్దరున్నారు. ప్రతివాళ్ళూ ప్రతివాళ్ళతో ఒక్కసారి చెయ్యి కలిపితే మొత్తం ఎన్నిసార్లు? కింద నాలుగు జవాబులు: నలభై రెండు, ఎనిమిది వందల అరవై ఒకటి, పదిహేడు వందల ఇరవై రెండు, పదిహేడు వందల అరవై నాలుగు.

"ఏది అవునో నాకు చెప్పొద్దు. ఏది కాదో చెప్పండి. ఎందుకు కాదో కూడా."

"నలభై రెండు కాదు మేడమ్," అన్నాడు డిల్లేశ్వరరావు. "నానొక్కడినే నలభై ఒకటి ఇస్తాను. ఇంకందరూ చేతులు జేబుల్లో ఎట్టుకుని కూకుంటారేటి?"

"మరి పదిహేడు వందల అరవై నాలుగు?"

"నలభై రెండు నలభై రెళ్ళు అది. అంటే నా చెయ్యి నాకే ఇచ్చుకోవాలి. పిచ్చోడినేటండీ?"

తరగతంతా లేచి చేతులు కలపడం మొదలుపెట్టింది. పైడిరాణి డిల్లేశ్వరరావుతో కలిపి, "ఇది నీ లెక్కలోనూ ఉంది, నా లెక్కలోనూ ఉంది, కానీ ఒకటే కదరా," అంది. వాడు కలిపిన చెయ్యి వదలకుండా అలాగే నిలబడిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "సగం!" అని అరిచాడు. "మేడమ్, సగం చెయ్యాలండీ! పదిహేడు వందల ఇరవై రెండు కూడా కాదు! ఎనిమిదొందల అరవై ఒకటే!"

"అవునేదో చెప్పొద్దన్నానా?"

"ఎలాగండీ? అది కాదు, ఇది కాదు అంటా పోతే అదే ఎదురొచ్చేసింది!"

పెళ్ళయిన కొత్తలో క్యారేజీ చీటీలు చూసి తనకి కలిగిన ఆనందం తప్ప హైమావతికి దీన్ని పోల్చడానికి వేరే ఏదీ గుర్తురాలేదు. ఆ రాత్రి సింహాద్రికి ఎనిమిది వందల అరవై ఒకటి గురించి రెండుసార్లు చెప్పింది. అతను రెండుసార్లూ కొత్తగా విన్నాడు.

డిసెంబరులో విశ్వంభరం గారు తనిఖీకి వచ్చారు. పథకం పేరు అంచున నేయించిన శాలువా కప్పుకున్నారు. తలుపు తోసుకుని తరగతిలోకి రాగానే డిల్లేశ్వరరావు చటుక్కున నోరు తెరిచి పైకప్పు చూడసాగాడు. మిగతావాళ్ళూ అదే పని చేశారు. ఇది హైమావతి నేర్పింది కాదు, తరతరాలుగా పిల్లలకి వస్తున్న విద్య.

"అర్థమయ్యేట్టు ఎవరైనా చెబుతారమ్మా," అన్నారు విశ్వంభరం గారు సుద్దముక్క అందుకుంటూ. "అందులో ఉపాధ్యాయుడి గొప్పతనమేముంది? అర్థం కాకుండా చెప్పడంలోనే పాండిత్యం నిరూపితమవుతుంది. చూడండి."

బోర్డు నిండా ఒక పెద్ద లెక్క మొదలుపెట్టారు. నాలుగో వరుసలో ఎ మైనస్ బి హోల్ స్క్వేర్ వచ్చింది. ఆయన దాన్ని ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ అని విడదీసి, నిబ్బరంగా అయిదో వరుసలోకి సాగిపోయారు.

తరగతిలో ఎవరో మూలిగారు.

పైడిరాణి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. డిల్లేశ్వరరావు పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. ముందు బెంచీ పిల్లకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై రెండు జతల కళ్ళు నాలుగో వరుసకి అతుక్కుపోయి, రెండు ఎ బి ఎక్కడ, రెండు ఎ బి ఎక్కడ అని మూగగా ఏడుస్తున్నాయి. హైమావతి గోడవైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విశ్వంభరం గారు వెనక్కి తిరిగి ఆ ముఖాలు చూశారు. శాలువా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఎంత వేదన! హెడ్మాస్టరు గారూ, ఎన్నో బళ్ళు చూశాను. పిల్లలు నిద్రపోయారు, నవ్వారు, గోళ్ళు కొరికారు. ఉన్నత గణితం ఇంత లోతుగా బాధించిన తరగతిని ఇప్పుడే చూస్తున్నాను."

"అంతా మీ దయండీ," అన్నాడు కూర్మారావు.

జనవరి పరీక్షలో మువ్వలవలస తొమ్మిదో తరగతి నలభై ఇద్దరికీ సున్నా వచ్చింది. ఎనిమిది వందల నలభై గుండ్రాల్లో ఒక్క ఒప్పు లేదు. డిల్లేశ్వరరావు తన సున్నాని ఇంట్లో దేవుడి పటం దగ్గర పెట్టించాడు.

సన్మాన సభ బడి ఆవరణలోనే జరిగింది. "ఈ పాఠశాలలో ఏ ఒక్క విద్యార్థికీ ఏ ఒక్క విషయమూ బోధపడలేదని తెలియజేయుటకు గర్విస్తున్నాను," అని విశ్వంభరం గారు ప్రకటించారు. సన్యాసమ్మ గరిటె పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. శిబిరానికి ఎంపికైన విద్యార్థిని రెండు మాటలు మాట్లాడమన్నారు.

పైడిరాణి మైకు అందక, వేదిక పక్కన నిలబెట్టిన బోర్డు దగ్గరికి వెళ్ళింది. మూడు బై నాలుగు అని రాసి, దాని నెత్తిన ఎనిమిది వందల నలభై అని చిన్నగా వేసింది.

కూర్మారావు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెమటతో తడిసిపోయాడు. ఏమీ రాకుండా గుడ్డిగా దిద్దితే నలభై ఇద్దరికీ సున్నా రావడానికి ఎంత అవకాశముందో అక్కడ తెల్లగా రాసి ఉంది. అది ఆచూకీ లేనంత చిన్నది. చూసే కన్నుంటే గుట్టంతా బయటపడినట్టే.

"ఇది మా సున్నాల లెక్కండి," అంది పైడిరాణి.

విశ్వంభరం గారు కళ్ళద్దాలు సర్దుకుని బోర్డు చూశారు. దగ్గరికి వెళ్ళి చూశారు. ఒకడుగు వెనక్కి వేసి చూశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"ఇది నాకే అర్థం కాలేదు!" అన్నారు పరవశంగా. "ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి? ఈ పాప శిబిరానికి వెళ్ళి తీరాలి!"

మే నెలలో పైడిరాణి విశాఖపట్నం బస్సెక్కింది. సన్యాసమ్మ జీడిపప్పు పాకం కట్టి ఇచ్చింది. కూర్మారావు తన కలం ఇచ్చాడు. సింహాద్రి పాత క్యాలెండర్లు పన్నెండు చుట్టగా చుట్టి ఇచ్చాడు, వెనకవైపు ఖాళీగా ఉన్నవి చూసి మరీ.

పదిరోజులకి ఉత్తరం వచ్చింది. హైమావతి దాన్ని వంటింట్లో గట్టిగా చదివింది. సింహాద్రి పొయ్యి ఆపేసి విన్నాడు.

"మేడమ్ గారికి నమస్కారాలు. నేను క్షేమం. ఇక్కడికి ఇరవై ఆరు బళ్ళ నుంచి ఇరవై ఆరుగురం వచ్చాం. సముద్రం చూశానండి. మొదటిరోజే పరీక్ష పెట్టారు. మీకెవరికైనా వచ్చేస్తే శిబిరం కఠినంగా లేదని మూసేస్తారు, జాగ్రత్త అని సార్ చెప్పారు. ఫలితాలు గోడకి అంటించారు. సున్నా, సున్నా, సున్నా అని వరసగా ఉన్నాయండి. మేమందరం ఆ గోడ చూసి, ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని, ఒక్కసారే నవ్వేశాం. సార్‌కి ఎందుకో అర్థం కాలేదు. రోజూ పాఠం ఒక గంటే. సార్ వెళ్ళిపోయాక బోర్డూ సుద్దముక్కలూ మాకే. అప్పుడు మొదలవుతుందండి అసలు క్లాసు. అన్నానికి గంట కొట్టినా లేవబుద్ధి కాదు. ఇక్కడ నిజంగానే సోషల్ లేదండి.

ఒక్క అబ్బాయికి మాత్రం ఇరవైలో ఒకటి కరెక్టు వచ్చేసిందండి. పాపం, చాలా మంచివాడు. మేమందరం దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిస్తున్నాం. వచ్చే పరీక్షకి అతనికి కూడా సున్నా వచ్చేస్తుందండి."